ప్రేమజ్యోతి చేసే పని

ఇంట్లో ప్రార్థనకి వచ్చే చర్చి తెలుగువాళ్ళు పన్నెండుమందికి వంట ముగించి, ప్రేమజ్యోతి సింక్ దగ్గర నిమ్మచెక్కతో వేళ్ళు రుద్దుకుంటోంది. మసాలా వాసన పోయినా గోళ్ళకింద పొగాకు మరక పోలేదు.

"ఇంకా గట్టిగా రుద్దు," అన్నాడు భర్త సామ్యూల్, పేపర్లోంచి తలెత్తకుండా. "ఆఫీస్‌లో జాబ్ అని చెప్పాను అందరికీ. చుట్టలు చుట్టించడానికా పెళ్ళాన్ని అమెరికా తెచ్చుకున్నావంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అది 1981. పెన్సిల్వేనియాలో ఆ చిన్న ఊళ్ళో ఇటాలియన్ చుట్టలు చేత్తో చుట్టే కార్ఖానా ఒకటుంది. అక్కడ ఆమెకి పని నేర్పింది ఇటలీ నుంచి వచ్చిన డెబ్భై ఏళ్ళ అసుంతా. ఆకు తడుపుతూ కథ కూడా చెప్పింది. పూర్వం ఫ్లోరెన్స్‌లో ఆరుబయట ఉంచిన పొగాకు వానకి తడిసిందట. పారేయలేక ఎండబెడితే లోలోపల వేడెక్కి మాగిందట. చౌకగా చుట్టి బీదవాళ్ళకి అమ్మితే ఊరంతా ఆ రుచే మరిగిందట. కట్టెల పొగలో ఆరిన కెంటకీ రకం ఆకు తెచ్చి, నడిమి ఈనె తీసి, మధ్యలో లావుగా చివర్లు సన్నగా చుట్టాలి. ఇటలీలో లుక్కా అనే ఊళ్ళో అసుంతా తల్లిదీ అదే పని. మొదటిరోజే ప్రేమజ్యోతి వేళ్ళు చూసి, "నీకు ముందే ఎవరో నేర్పారు," అంది ముసలావిడ. "మా అమ్మ," అంది ప్రేమజ్యోతి. రాజమండ్రిలో లంకపొగాకు చుట్టలు చుట్టి తనని చదివించిన అమ్మ. ఆ మాట ఆ కార్ఖానా గదిలో తప్ప అమెరికాలో ఇంకెక్కడా అనలేదు.

ప్రార్థన అయింది. భోజనాలు వడ్డిస్తుంటే బెల్ మోగింది. గుమ్మంలో అసుంతా, చేతిలో వేడి సూప్ గిన్నె.

"మొన్నంతా దగ్గావుగా, తాగు," అని రెండు బుగ్గలమీదా ముద్దుపెట్టింది. ఆవిడ కోటునిండా పొగాకు వాసన.

"ఎవరమ్మా ఈవిడ?" అంది పాస్టరుగారి భార్య మణి.

సామ్యూల్ భార్యవైపే చూస్తున్నాడు.

"ఇల్లు క్లీన్ చేయడానికి వస్తుందండీ," అంది ప్రేమజ్యోతి.

తెలుగు రాని అసుంతా, తన గురించి ఏదో మంచిమాటే చెప్పిందనుకుని అందరికీ నవ్వుతూ తలూపింది. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆవిడ మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయింది. వడ్డన మాత్రం ఆగలేదు. ప్రేమజ్యోతి చేతులు పప్పు వేస్తూనే ఉన్నాయి. ఈ అబద్ధం మొగుడు నేర్పిందేనా? అతను నోరు విప్పనైనా లేదే. అతనికన్నా ముందే తన నాలుక సిద్ధంగా ఉంది. ఆవిడకి అర్థమై తిట్టినా బాగుండేది.

మర్నాడు పనిలో కూర్చోగానే వచ్చిన ఇంగ్లీషులోనే మొత్తం చెప్పేసింది.

అసుంతా చేతిలో కత్తి పక్కన పెట్టింది. "మీ అమ్మ గురించి వాళ్ళకేం చెప్పావు?" అని అడిగింది.

"స్కూల్ టీచరని."

ముసలావిడ ఆకు తీసుకుని అటు తిరిగింది. ఆ వారమంతా మాట్లాడలేదు.

ఆదివారం చర్చిలో, తమ జీవితంలో జరిగింది సాక్ష్యంగా చెప్పేవాళ్ళు లేవండి అన్నారు పాస్టరుగారు. ప్రేమజ్యోతి లేచింది. సామ్యూల్ కొంగు పట్టి లాగాడు. "కూర్చో."

"మా అమ్మ టీచర్ కాదు," అంది ఆమె. "చుట్టలు చుట్టేది. నేనూ అదే పని చేస్తున్నాను. మొన్న మా ఇంటికొచ్చినావిడే నాకు నేర్పింది. ఆవిణ్ణి ఎదురుగా నిలబెట్టి పనిమనిషని మీకు చెప్పాను."

ఎవరూ ఆమేన్ అనలేదు. ఆమె కూర్చోలేదు.