మెరుపు పట్టని చోట్లు

"ఒక్క నిమిషమే కదే, లెగు. టీ పెట్టడానికి ఎంతసేపు?"

మా ఆయన జెర్రీ, రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా ముందుగదిలో కూర్చుని అనే మాట ఇది. పాపం, అబద్ధమేమీ కాదు. టీ పెట్టడానికి ఎంతోసేపు పట్టదు. గ్యాసు బండ దింపించుకోవడానికీ పట్టదు. మా అత్త జ్ఞానరత్నమ్మ కళ్ళజోడు ఆవిడ దిండు కిందనుంచి తీసి ఆవిడకే ఇవ్వడానికీ పట్టదు. అన్నీ ఒక్క నిమిషం పనులే. నా ఒళ్ళో ఉన్న కుండకి కూడా ఒక్క నిమిషమే ఉంటుందని, అది పోతే తిరిగి రాదని చెబితే నవ్వుతారు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఎర్రమట్టిని నీళ్ళలో బాగా కలిపి, చిటికెడు సోడా వేసి, గాజుసీసాలో పోసి కదపకుండా వదిలేస్తాను. మర్నాటికి ఇసుకా గరుకూ అడుక్కి దిగిపోతాయి. పైన, వేళ్ళ మధ్య ఉన్నట్టే తెలియనంత మెత్తటి మట్టి పాలలా నిలిచి ఉంటుంది. దాన్ని నేను మీగడ అంటాను. ఆ మీగడని వంపుకుని, బాగా ఎండిన కుండకి కుంచెతో పూతమీద పూత వేస్తాను. పూసిన తడి తళతళ తగ్గి, లోపల ఇంకా చెమ్మ ఉండగానే నున్నటి గులకరాయితో రుద్దాలి. అప్పుడు రుద్దితే, రంగూ నూనే ఏమీ లేకుండానే ఉత్త మట్టి మెరుస్తుంది. ముందే రుద్దితే పూత రాయికి అంటుకుని ఊడిపోతుంది. ఆలస్యమైతే ఎండిపోయి ఎంత రుద్దినా మొహం ముడుచుకునే ఉంటుంది. ఆ మధ్య కాసేపట్లోనే మా ఇంట్లో అందరికీ నేను గుర్తొస్తాను.

ఇది నాకు నేర్పింది మౌశుమి దీదీ, బెంగాలీ ఆవిడ. మా ఊరి చివర హిజ్లీలో, కాలేజీ క్యాంపస్ గేటు దాటాక ఆవిడ ఇల్లు, పెరట్లో రేకుల షెడ్డు, ఒక చిన్న బట్టీ. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను; ఆవిడవి ఇవ్వడానికి వెళ్ళి, అక్కడ బల్లమీద ఉన్న ఒక ఎర్రటి గిన్నెని ముట్టుకున్నాను. ఇంకో చోటికి వెళ్ళాలనిపించలేదు. ఆవిడ జాకెట్లు నేను కుట్టేలా, ఆవిడ నాకు శనివారాలు నేర్పేలా మాట్లాడుకున్నాం. మలంచా రోడ్డు మీద ఆటో ఎక్కి కూర్చుంటే చాలు, భుజాల మీంచి ఎవరో చేతులు తీసేసినట్టు ఉండేది. ఆ షెడ్డులో నన్ను ఎవరూ పిలవరు. పెళ్ళైన ఇన్నేళ్ళలో పిలుపు వినపడని మధ్యాహ్నం అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

ఇంట్లో మాత్రం అదొక వినోదం. "మట్టి పిసుక్కోడానికి ఆటో ఎక్కి ఎల్తాదట" అని అత్త చర్చిలో అందరికీ చెప్పేది. "మా కాలంలో కుండలు కొనుక్కునీవోలం, ఒళ్ళో ఎట్టుకుని ముద్దు సేసీవోలం కాదు." జెర్రీ అలా దెప్పడు. ఆయనది వేరే పద్ధతి. "ఎల్లు, నేను వద్దన్నానా" అంటాడు, శనివారం పొద్దున్నే ఎవరినో భోజనానికి పిలుస్తాడు.

ఇంట్లో చేసే కుండకి పూత ఆరిపోయిన ప్రతిసారీ నేను ఏం చేసేదాన్నంటే, పిలిచిన పని చేసేసి, తిరిగొచ్చి, మొద్దుబారిన చోట తడి అద్ది, మళ్ళీ మీగడ పూసి, మళ్ళీ రుద్దేదాన్ని. అందరూ సీరియల్ చూస్తున్నప్పుడు వెనక వరండాలో ఆ రెండో చాకిరీ. కుండ చూసినవాళ్ళకి అతుకు కనపడేది కాదు. దీదీ కూడా పోల్చుకునేది కాదు. అంత బాగా దాచడం నాకు ఎక్కడ అబ్బిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

వేసవి చివర్లో మా మామగారి జ్ఞాపకార్థ కూడిక వచ్చింది. ఫొటో పక్కన పూలు పెట్టడానికి ఒక పెద్ద కూజా నన్నే చెయ్యమన్నాడు జెర్రీ. నా గుండె ఒక్కసారి పొంగింది, అది నిజం. వెంటనే తరవాతి మాట కూడా అన్నాడు.

"అందరూ వస్తారు. మెచ్చుకుంటే శనివారాలు ఎల్లు. లేదా ఒగ్గీ. ఇంట్లో బోలెడు పని."

కాబట్టి ఆ కూజా మీద నా శనివారాలన్నీ ఉన్నాయి. గొంతు సన్నగా, పొట్ట నిండుగా, అంతకుముందు చెయ్యనంత శ్రద్ధగా చేశాను. ఎండబెట్టాను. పూత మొదలుపెట్టిన రోజున కుడిపక్క మెరుపు ఎక్కుతుండగా టీ అన్నాడు. లేచాను. కింద పట్టు రుద్దుతుంటే గ్యాసు బండ తెచ్చే దాదా బెల్లు కొట్టాడు, ఇంట్లో ఇద్దరు మనుషులుండగా లేచాను. వెనకవైపుకి వచ్చేసరికి అత్త మోకాలికి నూనె రాయమంది. అది పెద్ద పని, వెనకవైపు పొడుగునా ఆరిపోయింది.

ఎప్పట్లాగే తడిగుడ్డ తీసుకున్నాను. ముందుగదిలో జెర్రీ ఝపటాపూర్‌లో ఉండే చెల్లెలు ఏంజలిన్‌తో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"వంటకి మనిషెందుకే? మీ వదిన సేసేస్తాది. రోజంతా ఖాళీయే కదా, కూజా ముందరేసుకుని కూకుంటాది."

తడిగుడ్డ నా చేతిలోనే ఉంది. కోపం వచ్చిందని చెప్పడం తేలిక. నాకు సిగ్గేసింది. నేను ఇన్నాళ్ళూ కష్టపడి దిద్దింది మట్టిని కాదు, ఆ మాటని. ఆయన ఖాళీ అంటున్న రోజంతా ఈ కూజా మీద మచ్చలుగా కనపడుతోంది. దాన్ని చెరిపి, నున్నగా చేసి ఆయన చేతిలో పెట్టబోతున్నాను. గుడ్డ పిండి తీగ మీద ఆరేశాను. కూజాని అలాగే శనివారం దీదీ బట్టీకి తీసుకెళ్ళాను.

"ఎ కీ, ఇదేంటి దేవమణి? మరోసారి పూత వెయ్యి, పోతాయి ఇవన్నీ" అంది దీదీ, మచ్చలు చూసి.

"వొద్దు దీదీ. ఇలాగే కాల్చండి."

కాలిన మట్టిని ఎవరూ దిద్దలేరు. అది తెలిసే ఇచ్చాను. ఇచ్చాక ఆటోలో ఇంటి దాకా భయంతో చేతులు ఒళ్ళో ముడుచుకుని కూర్చున్నాను.

కూడిక రోజున పాస్టరుగారు ప్రార్థన చేశారు, పాటలు పాడారు, అందరూ తిన్నారు. వండిందీ వడ్డించిందీ ఎవరో నేను చెప్పను. కూజా గొంతులో దిగేంత సన్నటి స్టీలు గ్లాసు పెట్టి లిల్లీపూలు అమర్చాను. కిటికీ వెలుతురు పడి పొట్ట ఎర్రగా మెరుస్తోంది. పాస్టరుగారి భార్య మెచ్చుకుంది, జెర్రీ ఛాతీ కాస్త ముందుకొచ్చింది. నేను అన్నం తిని అప్పుడే ఫొటో పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఏంజలిన్ పూలగ్లాసు తీసి పక్కన పెట్టి, కూజాని చేతిలోకి తీసుకుని తిప్పింది.

"బాగున్నాది వదినా. కానీ ఇక్కడేటి, మెరుపు లేదు? వెనకాల కూడా?"

"దానికి ఓపిక తక్కువ" అన్నాడు జెర్రీ, నవ్వుతూ. "ఏదీ కుదురుగా సెయ్యదు."

"అక్కడ మీరు టీ అడిగినారు" అన్నాను.

కూజా మీద వేలితో చూపించాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"కింద ఉన్నది గ్యాసు బండ. ఎనకాల పొడుగ్గా ఉన్నది అత్తమ్మ మోకాలి నూనె. నేను లెగిసెల్లిన సోటల్లా మట్టి ఆరిపోనాది."

ఎవరో ముందు నవ్వారు, తరవాత అందరూ నవ్వారు. పాస్టరుగారు కూడా. నవ్వనిది మా అత్త ఒక్కతే. కూజాని ఇలా తెమ్మని సైగ చేసి, వెనకవైపు పొడుగు మచ్చ మీద బొటనవేలితో రాసి చూసుకుంది.

"నూనె రేపు రాసినా అయ్యేది" అంది, ఎవరి వైపూ చూడకుండా.

జెర్రీ నవ్వు ఆగిపోయింది. నలుగురిలో కాబట్టి గొంతు పెంచలేదు. "మాటలు బానే నేరిపింది ఆ దీదీ. సూసినారు కదా, ఇంక శనివారాలు సాలు. లెగు, అందరికీ టీ పెట్టు. ఒక్క నిమిషమే కదా."

అందరూ నా వైపు చూస్తున్నారు. కాళ్ళు అలవాటుగా నేలమీద ఆనాయి, లేవడానికి. వాటిని అక్కడే ఉంచాను. అత్త ఒళ్ళోంచి కూజా తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఒక్క నిమిషమే కదండీ" అన్నాను. "మీరే పెట్టండి. శనివారం కూడా మీరే పెట్టుకోవాల."