మూత మీద పచ్చ పొట్లం

కంప్యూటర్ సామాను అమ్మే గ్వాంగ్‌హ్వా బజారులో షిన్‌రూ రెండు డబ్బాలు చేత పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఒకటి బూడిదరంగు అల్యూమినియంది. ఫ్యాను లేదు, మూత ఇటుకలా చదునుగా ఉంది. రెండోది గాజులా మెరిసే ప్లాస్టిక్ పలకలది. నెత్తిన నీలంగా వెలిగే ఫ్యాను. ఆమె దగ్గరున్న, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ బోర్డుకి ఏది తొడిగినా సరిపోతుంది. షిన్‌రూ అందంగా ఉన్నదే కొంది. చదివింది కంప్యూటర్లే అయినా, పుట్టింది బొమ్మలాట వాళ్లింట్లో మరి.

హువెయ్ ఊళ్లో వాళ్ల నాన్నది చేతిబొమ్మల బృందం. డోలు వాయించే తియెన్ పెదనాన్నకి చేతులు వణకడం మొదలైంది. వణుకు ముదరకముందే ఆయనే పట్టుబట్టి తన వాయింపంతా రికార్డు చేయించాడు. ఇకమీదట ఆ రికార్డు వినిపిస్తూ ఆయన చోట కూర్చునేది ఈ డబ్బానే.

షిన్‌రూ డబ్బా బిగిస్తుంటే ఆయన పక్కన చేరి, పలకల మీద అంటించిన కాగితాన్ని గోటితో ఓపిగ్గా ఒలిచాడు. స్క్రూలు పట్టుకోవడం ఆయన వల్ల కాలేదు.

"ఇదేం డబ్బా పిల్లా? పేగులన్నీ బయటికే కనిపిస్తున్నాయి!"

"నీ డోలుకి తోలుంది కాబట్టి నీకలా అనిపిస్తోంది. లోపలేం జరుగుతోందో జనం చూడొద్దూ?"

"జనం బొమ్మల్ని చూస్తారే! ఆ బూడిదరంగుది తెచ్చుంటే పైన టీ కప్పయినా పెట్టుకునేవాణ్ణి."

"పెట్టు, పెట్టు. ఒలికిందంటే దానికీ మనకీ ఒకేసారి కర్మకాండ."

ఆయన నవ్వబోయి దగ్గాడు. "అన్నట్టు, రికార్డులో యుద్ధం ఘట్టానికి ముందు ఇలాగే దగ్గాను. అది తీసెయ్."

"రేపు తీస్తాలే."

"ఆట మధ్యలో ఇది మొండికేస్తే?"

"మా ఆఫీసులో మెషీన్ల మీద చిరుతిండి పొట్లం పెడతాం, బుద్ధిగా ఉంటాయని. ఆకుపచ్చ పొట్లమే పెట్టాలి, గడువు దాటకూడదు, ఎవరూ తినకూడదు."

"ఇంజనీర్లేనా?"

"ఇంజనీర్లమే! గుళ్లో దండం పెట్టడానికి మాత్రం నామోషీ మాకు."

గుడి ముందు ఆట రోజున సాయంత్రమైనా ఎండ దిగలేదు. వేదిక వెనక దీపాల సెగ. సేనాపతి బొమ్మ కత్తి దూసింది. డోలు ఒక్కసారి తడబడింది, నత్తిగా రెండు దెబ్బలు కొట్టి ఆగిపోయింది. ముందు వరుసలో ఎవరో ఈల వేశారు.

షిన్‌రూ వెనక్కి పరిగెత్తింది. డబ్బా మీద చెయ్యేసి తియెన్ పెదనాన్న నిలబడి ఉన్నాడు.

"ఏం చేశావ్ దాన్ని?" గట్టిగా అరిచింది. "నీ చోట ఇది కూర్చుంటే ఓర్చుకోలేకపోయావా? పాడు చేస్తేగానీ నిద్ర పట్టదా?"

బొమ్మలు పట్టుకున్న నాన్న చేతులు గాల్లోనే ఆగిపోయాయి. పెదనాన్న చెయ్యి తీసేసి, మెట్లు దిగి, స్కూటర్ వైపు నడిచాడు.

ఆయన చెయ్యి ఉన్న చోట పచ్చ పొట్లం కనిపించింది. సరిగ్గా ఫ్యాను మీద. కింద ప్లాస్టిక్ చెయ్యి కాలేంత వేడిగా ఉంది. షిన్‌రూ పొట్లం తీయగానే ఫ్యాను గాలి పీల్చుకుంది. కాసేపటికి బోర్డు తేరుకుంది. ఆమె ఘట్టాన్ని మొదటి నుంచి పెట్టింది. స్కూటర్ చప్పుడు వీధి మలుపు తిరుగుతుంటే, ఆయన డోలు ఆయన వెనకే మోగింది.

చేతిలోని పొట్లాన్ని తిప్పి చూసింది. గడువు వచ్చే ఏడాది దాకా ఉంది. వెతికి వెతికి కొని ఉంటాడు.

తర్వాత అల్యూమినియం డబ్బా తెచ్చి, బోర్డుని అందులోకి మార్చి, దాన్ని పట్టుకుని ఆయన ఇంటికెళ్లింది. ఆయన టీ పోశాడు, జామకాయ కోసి పెట్టాడు.

"తప్పు నాదే పెదనాన్నా. నేనే చెప్పాను పొట్లం పెట్టమని. ఫ్యాను నెత్తిన ఉన్న డబ్బా ఏరుకున్నదీ నేనే."

"పోనీలేమ్మా. మెషీన్ బాగుందా?"

"బాగుంది. రేపు ఆటకి వస్తావా?"

"మోకాళ్ల నొప్పి." నిజంగా నొప్పి ఉన్నవాడిలా మోకాలు రుద్దుకున్నాడు కూడా. "అయినా నేనొచ్చి చేసేదేముంది? ఆ దగ్గు తీసేశావా?"

"తీసేశాను," అని అబద్ధమాడింది షిన్‌రూ.

ఆయన మళ్లీ ఆటకి రాలేదు. బూడిదరంగు డబ్బా చదును మూత మీద పచ్చ పొట్లం కుదురుగా కూర్చుంటోంది. మెషీన్ ఒక్కసారీ మొండికేయలేదు. యుద్ధం ఘట్టానికి ముందు డబ్బా ఒకసారి దగ్గుతుంది. ఆ దగ్గు వినిపిస్తేగానీ నాన్న సేనాపతి బొమ్మ చేత కత్తి ఎత్తించడు.