పది నిమిషాలు ముందు

నేను ఒక గోడ గడియారాన్ని. ఒకసారి తాళం ఇస్తే ఎనిమిది రోజులు తిరుగుతాను. బజార్లో కొట్టు అద్దాల వెనక ఉన్నన్నాళ్ళూ నన్నెవరూ నమ్మలేదు. ఇంజినీరు ఆఫీసులో టెండరు పెట్టె పైన తగిలించాక అందరూ నమ్మారు. రెండూ తప్పే.

పంతొమ్మిదేళ్ళ కిందట సూపరింటెండెంటు చయనులు గారు వచ్చిన మొదటి వారమే స్టూలెక్కి, సిబ్బంది వేళకు వస్తారని నన్ను పది నిమిషాలు ముందుకు తిప్పారు. మూడో రోజుకు సంగతి అందరికీ తెలిసిపోయింది. పొద్దున వచ్చేటప్పుడు పది తీసేసి చదివేవారు. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఉన్నదున్నట్టు చదివేవారు.

బడి బెంచీల టెండరుకు గడువు మధ్యాహ్నం మూడు. కామాక్షమ్మ గారు కవరుతో మెట్లెక్కి వచ్చేసరికి నాలో మూడూ తొమ్మిది. ఆవిడది చెక్కపని కార్ఖానా. ఎనిమిది మంది వడ్రంగులకు వేసవి నుంచి పని లేదు. ఇదీ పోతే కార్ఖానాకు తాళమే.

"టైమైపోయిందమ్మా," అన్నారు చయనులు గారు నన్ను చూపించి.

"మీ గడియారం ముందుందండి. మిల్లు కూత ఇంకా కుయ్యలేదే?"

ఆయన కవరు మీద 'ఆలస్యం' అని ఎర్రసిరాతో రాయడం పూర్తిచేశారు. అప్పుడు వినబడింది జూట్ మిల్లు మూడు గంటల కూత.

"అదిగోనండి."

"కూతకి ఫైల్లో చోటుండదమ్మా."

తప్పని ఆయనకూ తెలుసు. కానీ ఎర్రసిరాతో రాసింది కొట్టెయ్యడం వాళ్ళ వంశంలో లేదు.

ఆవిడ టెండరు వివాదాల బోర్డుకు ఫిర్యాదు పెట్టారు. బోర్డు కవర్లన్నీ తెరవకుండా ఆపించి, విచారణకు మా ఊరే వచ్చింది. గడియారాన్ని కూడా తెమ్మంది.

ఆ పొద్దున చయనులు గారు నన్ను సరిచేద్దామని స్టూలెక్కారు. చేతి వాచీ చూసుకున్నారు. నన్ను చూశారు. ఇద్దరికీ ఒక్క నిమిషం తేడా లేదు.

"అమ్మయ్య, అదే సర్దుకుంది," అని ముట్టుకోకుండా దిగిపోయారు.

నా స్ప్రింగు బిగుసుకుపోయింది. నేనేమీ సర్దుకోలేదు. మరి ఇన్నాళ్ళూ నేను చెప్పింది నిజమేనా? అయితే నా మూలంగా ఆవిడ అబద్ధాలకోరు అయిపోతుంది.

విచారణకు బోర్డు దిగిన బంగళా గోడకు నన్ను తగిలించారు. అప్పటికి నాలో మూడుకు పది తక్కువ.

"ఆ రోజు నుంచి దీన్ని ఎవరైనా కదిపారా?" అడిగారు బోర్డు ఛైర్మన్.

"తాళం ఇవ్వడం తప్ప ముట్టుకోలేదండి," అన్నారు చయనులు గారు.

ఛైర్మన్ తన వాచీ తీసి జేబులో వేసుకున్నారు. "మా ఇంట్లో నా వాచీని పావుగంట ముందు పెడతారు. మిల్లు కూత దాకా ఆగుదాం."

కామాక్షమ్మ గారు పమిట చెంగు వేలికి చుడుతూ నన్నే చూస్తున్నారు. నా ముల్లు మూడుకు చేరింది. కూత లేదు. మూడూ రెండు. మూడూ ఐదు. చయనులు గారి మెడ మీద చెమట.

"మిల్లు ఇవాళ లేటేమోనండి."

"ఊరంతా దాన్నిబట్టే ఎసరు పెడుతుందటగా? చూద్దాం."

మూడూ పదికి కూత వచ్చింది.

"నా వాచీలోనూ మూడూ పదేనండి," అన్నారు చయనులు గారు, ఆఖరి ఆశతో.

"మీ వాచీ ఎవరు సరిచేస్తారు?"

"మా ఆవిడండి. ఈమధ్య ఆఫీసుకి లేటైపోతున్నానని ఒకటే..." అక్కడ ఆగిపోయారు.

బోర్డు ఆవిడ కవరునూ లెక్కలోకి తీసుకోమంది. తెరిస్తే ఆవిడదే తక్కువ ధర. బెంచీలు ఆవిడకే వచ్చాయి. తప్పంతా నాదేనని తేల్చి, ఆఫీసువారు నన్ను పాతసామాన్ల వేలంలో పెట్టారు. కామాక్షమ్మ గారే కొనుక్కున్నారు.

ఇప్పుడు కార్ఖానాలో, రంపపు పొట్టులో ఉంటున్నాను. ఆవిడ నన్ను శుభ్రంగా తుడిచి, కూత వినగానే సరిగ్గా మూడుకు కలిపారు. పంతొమ్మిదేళ్ళకు మళ్ళీ నిజం చెప్పాను. రెండు రోజులు చెప్పాను.

మూడో రోజు వడ్రంగులు ఆలస్యంగా వచ్చారు. కామాక్షమ్మ గారు వాళ్ళను ఒక్క మాటా అనలేదు. వాళ్ళు వెళ్ళాక స్టూలు తెచ్చుకుని ఎక్కారు.

పది కాదు, పదిహేను.