వెనక టైరులో మే నెల

రూతు తెల్లవారగానే లేచి, మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుని, కాఫీ కంటే ముందు సైకిల్ దగ్గరికి వెళ్ళేది. అమెరికాలో వాళ్ళుండే పిస్కాటవేలో మంచు పడితే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు ఇనుమును కొరుక్కు తింటుంది. అందుకని మెట్ల కింద గొంతుక్కూర్చుని చైను తుడిచేది, బ్రేకుల్లో ఇరుక్కున్న మంచుపెళ్ళలు స్క్రూడ్రైవరుతో గీకేది, నూనె చుక్కలు వేసేది. టైర్ల జోలికి మాత్రం వెళ్ళేది కాదు. వాటిలో బాపట్ల మే నెల గాలి ఉంది.

కూతురు సెకండ్ హ్యాండ్ సైకిల్ కొనుక్కుందని తెలిసి, బాపట్లలో సైకిల్ షాపు నడిపే ఆమోసు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి రెండు ట్యూబుల్లో గాలి కొట్టాడు. పంపుతో సహా ఓడ మీద పార్శిల్ పంపాడు. పోస్ట్‌మ్యాన్ ఆ పెట్టెను చెయ్యి మార్చుకుంటూ, ఊదుకుంటూ తెచ్చి సంతకం పెట్టించుకున్నాడు. అప్పట్నుంచి ఆ చక్రం దొర్లినంతమేరా మంచు కరిగి, జానెడు వెడల్పున నేల బయటపడేది.

"రూత్, హనీ, మా గుమ్మం ముందు నుంచి పోనీ. పార పట్టుకోలేక చస్తున్నా" అనేది కింద వాటా మిసెస్ కొవాల్‌స్కీ.

రూతు భర్త కృపావరం మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాడు. ఈ దేశం వచ్చిన మొదటి చలికాలం ఐసు మీద జారి, కాలు విరిగి, పార్కింగ్ లాట్‌లో రెండు గంటలు పడి ఉన్నాడు. ఒక్కరూ చూడలేదు. ఆ రెండు గంటలు అతన్ని ఇంకా వదల్లేదు. నవంబర్‌లో కిటికీలు మూయించాడంటే మార్చిలోనే తెరవడం. డ్రైవింగ్ నేర్పమంటే "మంచు పోనీ" అనేవాడు. మంచు పోయాక ఆ మాటే మర్చిపోయేవాడు. రెండు చలికాలాలు రూతు ఆ రెండు గదుల్లో రేడియేటర్ చప్పుడు వింటూ గడిపింది. బైబిల్ మొదటి పుటలో రాసిన ఇంటివాళ్ళ పుట్టినరోజులూ పోయినరోజులూ పైకి చదువుకునేది, ఇంట్లో ఇంకో గొంతు వినపడాలని.

మూడో ఏడు, నాలుగు మైళ్ళ దూరంలోని వృద్ధుల హోమ్‌లో పని దొరికింది. మూడు నెలలు ఒక్కరోజు కూడా మానకపోతే వాళ్ళ ఖర్చు మీదే నర్సింగ్ క్లాసులకి పంపుతామన్నారు.

"వెళ్ళు. కానీ సైకిల్ ఒక్కరోజు మొరాయించినా పని మానేయాలి. మాటిస్తావా?" అన్నాడు కృపావరం.

ఇచ్చింది.

ఎనభై మూడు ఫిబ్రవరిలో, మూడు నెలలూ నిండే రోజున, మంచు మోకాటి దాకా పడింది. కరెంటు పోయింది. కారు ఉన్నచోట తెల్లటి దిబ్బ ఉంది. రోడ్డు మీద మాత్రం మంచు తోసే బండి ఒక వరస తోసి వెళ్ళింది. రూతు సైకిలెక్కి తొక్కింది. చైను తిరిగింది గానీ వెనక చక్రం కదల్లేదు. స్టవ్ మీద నీళ్ళు కాచి తెచ్చి పోసింది. చూస్తుండగానే అవి గడ్డకట్టి ఇంకా బిగిశాయి.

కృపావరం మెట్ల మీదకొచ్చాడు. "ఏమైంది?"

"ఫ్రీవీల్ లోపలి పళ్ళు అతుక్కుపోయి చక్రాన్ని పట్టడం లేదండీ. నిన్న మెషీన్ ఆయిల్ అయిపోతే కొబ్బరినూనె వేశాను."

"తలకి రాసేది సైకిల్‌కి రాశావా? జడ కూడా వెయ్యకపోయావా?"

"మా షాపులో అలవాటేనండీ. అక్కడ నీళ్ళలా పారేది."

"సరేలే. దేవుడే ఆపాడు. ఫోన్ చేసి చెప్పేసి లోపలికి రా."

"దేవుడి మీద పెట్టకండి. ఆపింది నా కొబ్బరినూనె."

పనిలోకి ఎక్కాల్సింది ఏడింటికి. ఆరు దాటింది. వెనక చక్రం వాల్వు నోరు సరిగ్గా ఇరుసు వైపే, ఫ్రీవీల్ వైపే ఉంది. రూతు దాని మీద చెయ్యి పెట్టింది. నాన్న స్వయంగా కొట్టిన గాలి. మళ్ళీ కొట్టించుకోవాలంటే బాపట్ల ఎక్కడ! "తండ్రీ" అని, ఏ తండ్రినో తనకే తెలియకుండా, వాల్వు నట్టు విప్పింది.

మే నెల బుస్సుమని బయటికొచ్చింది. కాలిన ఇసుక, జీడిమామిడి పళ్ళు, అప్పుడే నీళ్ళు చల్లిన వాకిలి, అన్నీ ఆ మెట్ల కింద వాసన వేశాయి. తెల్లగా పేరుకున్న నూనె కరిగి చుక్కలుగా జారింది. ఫ్రీవీల్ టకటకటకమంది. టైరు చప్పబడి నేలకి ఆనింది.

కృపావరం ఎప్పుడు దిగాడో, సాక్సుతో ఆమె పక్కన నిలబడి ఉన్నాడు. కాళ్ళ కింద నేల పొడిగా ఉంది. విరిగి అతికిన కాలిని అరచేత్తో నిమురుకున్నాడు. తర్వాత పంపు అందుకున్నాడు.

"నువ్వు పట్టుకో, నేను కొడతా."

దమ్ము దమ్ముకీ అతని నోట్లోంచి పొగలా ఆవిరి వస్తోంది. టైరు మెల్లగా లేచింది.

"ఇది ఇక్కడి గాలి రూతూ. చల్లగా ఉంటుంది. జారుతుంది."

"తెలుసండీ."

ఆమె స్కార్ఫు బిగించి కట్టుకుని బయల్దేరింది. ముందు చక్రం కింద మంచు కరుగుతోంది. వెనక చక్రం కింద కరగడం లేదు. వీధి మలుపులో సైకిల్ వెనక భాగం ఒక్కసారి పక్కకి జారింది. కృపావరం నోరు తెరిచాడు. ఆవిరి వచ్చింది. రూతు ఒక కాలు నేలకి ఆనించి, హ్యాండిల్ సరిచేసుకుని, మళ్ళీ తొక్కింది.

అతను వెనక్కి పిలవలేదు.