నల్ల పట్టీలంటే గిట్టని కండక్టరు

కండక్టరు రిటైరై చాలా కాలమైంది గానీ ఆయనలోని కండక్టరు మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు. బస్సులో ఒక్క సీటు ఖాళీగా కనిపించినా ప్రాణం విలవిల్లాడే మనిషి. "లోపలికి జరగండి, ఇంకా లోపలికి" అంటూ జనాన్ని కుక్కి కుక్కి, ఊపిరి పీల్చడానికి కూడా వంతులేసుకునే గతి పట్టించాక గానీ "రైట్ రైట్" అనేవాడు కాదు. అలాంటివాడి ఇంటికి వెడల్పాటి కొత్త టీవీ వచ్చింది. పెట్టిన రోజే వార్తల ఛానల్లో బొమ్మకి అటొకటి ఇటొకటి నల్ల పట్టీలు కనిపించాయి.

"అంత చోటు ఊరికే పోతోంది" అన్నాడు కండక్టరు, ఎవరో తన జేబు కత్తిరిస్తున్నట్టు.

ఛానల్ వాళ్ళు బొమ్మని పాత కొలతలోనే పంపుతున్నారనీ, ఆ పట్టీలు ఉండాల్సినవేననీ సెట్‌టాప్ బాక్సు బిగించిన కేబులాయన చెప్పి చూశాడు. కండక్టరు వింటేగా. ఆయన గుమ్మం దాటగానే బాక్సు రిమోట్లో జూమ్ నొక్కాడు. బొమ్మ ఉబ్బింది, పట్టీలు పోయాయి. కొన్నాళ్ళకి టీవీ రిమోట్లో ఉన్న ఇంకో జూమ్ కూడా నొక్కాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో వార్తలు చదివేవాళ్ళకి నెత్తిన జుట్టు లేదు, గడ్డం కింద మెడ లేదు. ఆటలు చూస్తే ఎవరు గెలుస్తున్నారో తెలిసేది కాదు, స్కోరంతా తెర కిందికి పోయేది. "బొమ్మ నిండుగా ఉందా లేదా, అది చెప్పు" అనేవాడు. ఆయన భార్య ఈ గోల పడలేక వంటింట్లో రేడియో పెట్టుకుంది.

మానకుండా టీవీ చూసేది ఆయన చెల్లెలొక్కతే. ఆవిడకి పుట్టినప్పటి నుంచీ వినిపించదు. ఇంట్లోనే మిషను మీద బట్టలు కుట్టుకుంటూ తన కాళ్ళ మీద తాను నిలబడ్డ మనిషి. చిన్నప్పుడు వినిపించని పిల్లల బడిలో కొన్నాళ్ళుంది. అక్కడ తోటిపిల్లల దగ్గర చేతుల భాష బాగా పట్టుబడింది గానీ, చదువు మాత్రం బస్సు బోర్డు మీద ఊరి పేరు కూడబలుక్కునే దగ్గరే ఆగిపోయింది. ఆ చేతుల భాష ఇంట్లో ఇంకొకరికి వచ్చు, కండక్టరు కూతురికి. అత్త ఒళ్ళో పెరిగిన ఆ పిల్ల మాటలు రాకముందే చేతులతో పాలడిగింది. కండక్టరుకి మాత్రం తిండి, నిద్ర, వాన, తర్వాత చెప్తా, ఇంతవరకే వచ్చు. అందులో చివరిదే ఎక్కువగా వాడేవాడు.

కూతురు చదువు కోసం వేరే ఊరు వెళ్ళాకే ఈ టీవీ వచ్చింది. ఇప్పుడా కూతురు పొద్దున్నే ఫోన్ చేసింది.

"నాన్నా, నాకు ఛానల్లో ఉద్యోగం వచ్చింది. సాయంత్రం ఐదింటి వార్తలు చదువుతుంటే నేను మూలన నిలబడి చేతులతో చెప్తాను. ఇవాళే మొదలు."

"మూలనెందుకమ్మా? మధ్యలో నిలబడు."

"మూలనే చాలు నాన్నా. అత్త చూడాలి, నాకంతే. ఆవిణ్ణి టీవీ ముందు కూర్చోబెట్టే పూచీ మీది."

కండక్టరు కాలు నేల మీద నిలవలేదు. వీధంతా టముకు వేసి, ఎదురింటి టైలర్ని ప్రత్యేకంగా పిలిచాడు. చెల్లెలికి విషయం చెప్పడానికి ఫోన్లో కూతురి ఫొటో చూపించి, టీవీ చూపించి, ఐదు వేళ్ళూ చూపించి, నానా తంటాలు పడ్డాడు. ఆవిడ మొదట టీవీ పాడైందనుకుంది. అర్థమయ్యాక మిషను ఆపేసి, మంచి బట్టలు కట్టుకుని, తెరకి ముక్కు తగిలేంత దగ్గరగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఐదైంది. జుట్టూ మెడా లేని ఒకాయన వచ్చి వార్తలు మొదలెట్టాడు. కూతురు మాత్రం ఎక్కడా లేదు.

"అమ్మాయేదీ?" అన్నాడు టైలరు.

"వస్తుంది, ఉండవయ్యా."

రాలేదు. చెల్లెలు వెనక్కి తిరిగి అన్న మొహంలోకి చూసింది. పిల్ల అడక్క అడక్క ఒక్కటడిగింది, అది కూడా చేతకాలేదంటే ఇక తండ్రై ఏం లాభం అనిపించింది కండక్టరుకి.

"పిల్ల ఉంది. బొమ్మే చిన్నదైపోయింది" అని తేల్చి, బాక్సు రిమోట్ తీసుకుని సెట్టింగుల్లోకి దూరాడు. అక్కడ రిజల్యూషన్ అని ఒకటుంది. దాని కింద చిన్న నంబరు నుంచి పెద్ద నంబరు దాకా వరసగా ఉన్నాయి. కండక్టరు లెక్క ప్రకారం పెద్ద నంబరంటే పెద్ద బస్సు, పెద్ద బస్సయితే మూలనున్నవాళ్ళకి కూడా చోటు దొరుకుతుంది. అన్నిటికన్నా పెద్దది ఎంచుకున్నాడు.

"అన్నయ్యా, తెలియనిదాని జోలికి ఎందుకు?" అన్నాడు టైలరు.

"నాకు తెలియనిదా?"

బాక్సు బుద్ధిగానే హెచ్చరించింది. బొమ్మ కనిపిస్తే ఓకే నొక్కండి, లేకపోతే కాసేపట్లో దానంతటదే పాత సెట్టింగుకి వెళ్తుంది అని తెర మీద రాసింది. మరుక్షణం తెర నల్లగా మారింది. ఆ టీవీకి అంత పెద్ద నంబరు మోసే శక్తి లేదు. ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ బస్సు నిండిందనిపిస్తే చాలు, వెనకాముందూ చూడకుండా రైట్ చెప్పడం ఆయనకి నరనరానా జీర్ణించుకుపోయిన విద్య. ఓకే నొక్కేశాడు.

దాంతో చీకటి ఖాయమైంది. మెనూ తెరిచినా ఆ చీకట్లోనే తెరుచుకుంటోంది, కనిపించి చస్తేగా. టైలరు మిషను మీద పనుందంటూ మెల్లగా జారుకున్నాడు. చప్పుడు మాత్రం వస్తూనే ఉంది, వార్తలు నడుస్తూనే ఉన్నాయి. వంటింట్లోంచి భార్య వచ్చి నల్లటి తెర చూసింది.

"బాగుంది. ఇప్పుడు పట్టీల్లేవు, అంతా ఒకటే పట్టీ" అంది.

చెల్లెలు ఆ నల్లటి తెర వంకే కళ్ళార్పకుండా చూస్తోంది, పిల్ల అందులోంచే వస్తుందన్నట్టు. కండక్టరు కేబులాయనకి ఫోన్ చేశాడు.

"బొమ్మ రాకుండా ఓకే ఎందుకు నొక్కావు బాబాయ్?"

"అలవాటు నాయనా. తిట్టేది తర్వాత తిట్టు, ముందు దారి చెప్పు."

"బాక్సు ముందువైపు చిన్న బటనుంది. లైటు ఆరి మళ్ళీ వెలిగేదాకా నొక్కి పట్టుకో. అన్నీ మొదట్లోకి వచ్చేస్తాయి."

నొక్కి పట్టుకున్నాడు. లైటు ఆరింది, వెలిగింది. బాక్సు తాపీగా ఒళ్ళు విరుచుకుని లేచి బొమ్మ చూపించింది. బాక్సులో పెట్టిన జూమ్ పోయింది గానీ టీవీలో పెట్టింది అలాగే ఉంది. తెర కింది మూలన వేళ్ళ కొసలు ఒకసారి మెరిసి మాయమయ్యాయి. మళ్ళీ మెరిశాయి. చెల్లెలు ఒక్క ఉదుటున లేచి, ఆ మూలన వేలు పెట్టి, అన్న వైపు తిరిగి గట్టిగా తట్టి తట్టి చూపించింది.

ఈ మెరుపు కండక్టరు ఇదివరకు చూసిందే.

టీవీ కొత్తలో, మొదటి జూమ్ పెట్టాక, సాయంత్రం వార్తలప్పుడు ఆ మూలన ఏదో ఇలాగే మెరిసేది. బొమ్మలో లోపమనుకుని కేబులాయన్ని చెడామడా తిట్టి వైరు మార్పించాడు. అయినా పోలేదు. చెల్లెలు రోజూ వచ్చి, ఇలాగే వేలు పెట్టి, ఇలాగే తట్టి చూపించేది. ఆవిడ కూడా కంప్లైంటే ఇస్తోందనుకున్నాడు. రెండో జూమ్ నొక్కింది అందుకే. మెరుపు పోయింది. బాగుచేశానని ఆవిడకి బొటనవేలెత్తి చూపించాడు కూడా. ఆవిడ చాలాసేపు ఆ మూలే చూసి, లేచి వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

టీవీ రిమోట్ తీసుకుని రెండో జూమ్ కూడా తీసేశాడు. నల్ల పట్టీలు అటొకటి ఇటొకటి వచ్చి నిలబడ్డాయి. వాటి మధ్య, కింది మూలన, అగ్గిపెట్టెంత చోటులో కూతురు పూర్తిగా ఉంది, రెండు చేతులతో సహా. చెల్లెలు కుర్చీలోకి కూలబడి, అరచెయ్యి నోటికడ్డం పెట్టుకుని చూసింది. అప్పటికి మిగిలింది చివరి వార్తొక్కటే.

అది అయిన కాసేపటికి కూతురు వీడియో కాల్ చేసింది.

"అత్త చూసిందా నాన్నా?"

"చివర్లో కాస్త చూసింది. తప్పు నాది. నీకంటే ముందు అక్కడ ఎవరైనా ఉండేవాళ్ళా?"

"ఒకావిడ ఉండేది, చాలా ఏళ్ళు. ఆవిడ మానేస్తేనే నన్ను తీసుకున్నారు. అత్త ఆవిణ్ణి రోజూ చూస్తూనే ఉంటుందనుకున్నా."

"లేదమ్మా. నేను చూడనివ్వలేదు" అన్నాడు.

చెల్లెలు ఫోన్ లాక్కుని గోడకి ఆనించి, రెండు చేతులతో గబగబా ఏదో అడిగింది.

"నన్ను తిడుతోందా?" అన్నాడు కండక్టరు.

"కాదు నాన్నా. ఎప్పుడో గనిలో మనుషులు ఇరుక్కుపోయారట. వాళ్ళ పెళ్ళాం బిడ్డలు బయట నేల మీద కూర్చుని ఏడవడం టీవీలో రోజూ చూపించారట. తర్వాత చూపించడం మానేశారట. వాళ్ళు బతికారా అని అడుగుతోంది. నాకు తెలియదు, అప్పుడు పరీక్షల్లో ఉన్నాను."

కండక్టరుకి తెలుసు. ఆ కబురు టీవీలో బొమ్మల్లేకుండా నోటిమాటగా చెప్పిన రోజు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టి, వీధిలోకి పరిగెత్తి దారినపోయేవాళ్ళకి కూడా చెప్పాడు. పక్క కుర్చీలో కూర్చున్న చెల్లెలికి చెప్పలేదు.

"నేనే చెప్తాను" అని ఆవిడ ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. నేల కింద గుంట ఉన్నట్టు చూపించాడు. తాడు లాగినట్టు లాగాడు. ఒకణ్ణి చెయ్యి పట్టి పైకి తెచ్చి కావలించుకున్నాడు, ఇంకొకణ్ణి తెచ్చాడు, చివరికి బస్సు ఆఖరి స్టాపులో ఖాళీ అయ్యాక డ్రైవరుకి చూపించినట్టు, లోపల ఒక్కరూ మిగల్లేదని చెయ్యి బారుగా ఊపాడు. ఆ అవతారం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది గానీ అక్కడెవరూ నవ్వలేదు.

చెల్లెలు ఆఖరిదాకా చూసింది. కళ్ళు తుడుచుకుని, అన్న భుజం మీద గట్టిగా ఒక్కటిచ్చింది. తర్వాత ఫోన్ వైపు తిరిగి మళ్ళీ చేతులు కదిపింది.

"వరదలో ఇంటికప్పు మీద ఒక కుక్క నిలబడిపోయిందట నాన్నా. అదేమైందంటోంది."

అది కండక్టరుకి గుర్తులేదు. చెప్పులేసుకుని, టైలరుకేమైనా తెలుసేమో కనుక్కోవడానికి వీధి దాటి వెళ్ళాడు.