కిటికీకి అడ్డంగా నీలం బోర్డు

బజారులో నడిచేటప్పుడు మనం తలెత్తి బోర్డులు చదువుకుంటూ పోతాం. వాటి వెనుక ఏముందో చూసే తీరిక మనలో ఎవరికీ ఉండదు. బోర్డులు రాసే మేస్త్రికి కూడా ఉండేది కాదు.

ఆయన ముప్పై ఏళ్లుగా దుకాణాలకు బోర్డులు రాస్తున్నాడు. కుంచె పట్టుకుంటే లోకం పట్టేది కాదు. నిద్రలో కూడా దుప్పటి మీద వేలితో సున్నాలు చుడతాడని భార్య నవ్వేది. నగరపాలక కార్యాలయం నుంచి బోర్డుకు పర్మిట్ తెచ్చిపెట్టే బాధ్యత కూడా ఆయనదే. ఆ దరఖాస్తులో పొడవు, వెడల్పు, కాలిబాట మీదికి ఎంత ముందుకొస్తుంది అన్న ప్రశ్నల తరువాత ఒక చిన్న గడి ఉండేది: "బోర్డు వెనుక కిటికీ ఉన్నదా?" మేస్త్రి ఎప్పుడూ "లేదు" అనే రాసేవాడు. ఉందని రాస్తే తనిఖీకి వస్తారు, పని వారం రోజులు వెనకబడుతుంది.

ఆయన చేసినవాటిలోకెల్లా పెద్దది కళ్ళజోళ్ళ దుకాణం బోర్డు. నీలం ప్లాస్టిక్ పలక మీద తెల్లని అక్షరాలు. అది బిగించిన రోజు మేడ మీద కిటికీ ఒకటి కనబడింది. మూసి ఉంది. ఎవరూ లేని గది కాబోలు అనుకున్నాడు.

రెండేళ్లకు పర్మిట్ గడువు తీరింది. పొడిగించాలంటే పై బోల్టులు గట్టిగా ఉన్నాయో లేదో చూసి మేస్త్రే సంతకం పెట్టాలి. మేడ మీది గదిలోంచి అందుతాయేమోనని ఒక మధ్యాహ్నం మెట్లెక్కి తలుపు తట్టాడు.

"తీసే ఉంది, రా నాయనా."

లోపల అడుగుపెట్టి ఆయన అలాగే నిలబడిపోయాడు. గదంతా నీలంగా ఉంది, నీళ్ల అడుగుకు దిగినట్టు. మసకబారిన కిటికీ అద్దాల్లోంచి ఆయన రాసిన అక్షరాలు తిరగబడి, నీడలై, నేల మీదా మంచం మీదా మెల్లగా కదులుతున్నాయి. ఆ నీడల మధ్య ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో చొక్కా, చేతిలో సూది. దారం కొసను పెదవులతో తడిపి సూదిలోకి ఎక్కించబోతోంది. అది పక్కకు పోతోంది. మళ్ళీ తడుపుతోంది.

"చీకటిగా లేదా పెద్దమ్మా?"

"చీకటి గదిలో లేదు నాయనా, నా కళ్ళల్లో ఉంది. చొక్కాలకి గుండీ కాజాలు కుట్టేదాన్ని. నా చేతి కాజా కోసం దర్జీలు వరసకట్టేవారు. రెండేళ్ల కిందట జ్వరమొచ్చి నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి చూపు తగ్గిపోయింది. జ్వరం కళ్ళకి కొట్టిందన్నారు. కోడలు మూడుసార్లు కింద కొట్టుకెళ్ళి అద్దాలు మందం చేయించుకొచ్చింది. అయినా అంతే." ఒళ్లోని చొక్కా సర్దుకుంటూ అంది, "ఆ నీలం మాత్రం బాగుంటుంది. ఆకాశం ఇంట్లోకొచ్చినట్టు."

మేస్త్రి కిటికీ తెరవబోతే రెక్క కదల్లేదు. బయట ఇనుప చట్రం దాన్ని నొక్కిపెట్టి ఉంది. అది తాను బిగించిన బోర్డు చట్రమే.

"పెద్దమ్మా, మీ పాత కళ్ళజోడు ఉందా? అది పెట్టుకుని ఒకసారి వరండాలోకి రండి."

ఆమె గోడ పట్టుకుని వచ్చింది. జ్వరం తరువాత వరండాలో కూర్చున్నదే లేదు. ఎండ చేతుల మీద పడింది. పాత జోడు సర్దుకుని దారం ఎత్తింది. మొదటిసారికే సూదిలోకి దూరింది.

ఆమె సూదిని ఎండలోకి ఎత్తి, దారాన్ని వేలితో తడిమి చూసుకుంది.

"అయితే నా కళ్ళు పోలేదా నాయనా?"

మేస్త్రి మెట్లు దిగి, నేరుగా దుకాణం యజమాని ముందు నిలబడ్డాడు.

"బస్‌స్టాపు దాకా కనబడే బోర్డు, తీసేయమంటావేంటి మేస్త్రీ? అయినా ఫారం నింపింది నువ్వే కదా."

"నేనే సార్. అందుకే వచ్చాను."

"ఆవిడ ఒక్కసారైనా వచ్చి అడిగిందా?"

"తన కళ్ళే పోయాయనుకుంది సార్. మీ దగ్గరే మూడుసార్లు అద్దాలు మార్పించుకుంది."

యజమాని తన కళ్ళజోడు తీసి తుడుస్తూ కూర్చున్నాడు. మనిషిని చూడకుండానే అద్దాలు మందం చేసిచ్చింది తానేనని ఆయనకూ గుర్తుకొచ్చింది. "తలుపు మీద సరిపోయేలా చిన్నది రాయి," అన్నాడు చివరికి.

ఆ సాయంత్రమే మేస్త్రి నీలం బోర్డు దించి, తలుపు మీద చిన్నది రాసిపెట్టాడు. మరునాడు కార్యాలయానికి వెళ్ళి తన తప్పు తానే రాసిచ్చాడు. పర్మిట్లు చూసే అధికారిణి కాగితం రెండుసార్లు చదివింది.

"ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"నాకే తెలియదమ్మా. వెళ్ళి చూడాలి."

"మీ లైసెన్సు ఆరు నెలలు ఆపాల్సి ఉంటుంది."

"ఆపండమ్మా."

ఆ ఆరు నెలలూ ఆయన కుంచె ముట్టలేదు. తాను రాసిన ప్రతి బోర్డు దగ్గరా మేడెక్కి తలుపు తట్టాడు. ఇంకా పదకొండు కిటికీలు బయటపడ్డాయి. ఒక గదిలో పిల్లలు మిట్టమధ్యాహ్నం దీపం పెట్టుకుని చదువుకుంటున్నారు. ఇంకో గదిలో ఒకాయన ఎండ కోసం కుర్చీని రోజంతా మూల నుంచి మూలకు జరుపుకుంటున్నాడు. కొందరు యజమానులు కసిరారు, కొందరు ఒప్పుకున్నారు. కడకు పదకొండు కిటికీలూ తెరుచుకున్నాయి. కాజాల పెద్దమ్మ దగ్గరికి దర్జీలు మళ్ళీ రాసాగారు.

గడువు తీరాక లైసెన్సు కోసం వెళితే, దరఖాస్తుల బల్ల దగ్గర బోర్డులు చేసేవాళ్ళు నలుగురు విసుక్కుంటున్నారు.

"ఈ గడులన్నీ మనల్ని తిప్పడానికే పెట్టారు మేస్త్రీ."

మేస్త్రి వాళ్ళ పక్కన కూర్చుని నెమ్మదిగా అన్నాడు, "నేనూ ముప్పై ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఆ ప్రశ్న ఎవరో ఒక మనిషి కోసం రాసింది తమ్ముడూ. 'లేదు' అని రాసేముందు ఒక్కసారి మెట్లెక్కి చూసి రా."