కర్రోడి మెడకు

మెడ ఎంత లావుంటది కాకా అని అడుగుతున్నాడు, ఎవరి మెడ అనుకున్నాను ఒక్క క్షణం, పద్మ మెడ కళ్లలో మెదిలింది, పుస్తెలతాడు కూడా బరువే అన్నట్టు వడిలిపోయిన మెడ, కాదు, వీడు అడిగేది కుక్క మెడ, మా కర్రోడి మెడ, నా రెండు చేతుల్లో పట్టేంత అన్నాను, నాగర్‌కర్నూల్ బస్టాండు ఎదుట ఫోన్ల దుకాణం, గాజుబల్ల మీద మెడకు కట్టే జాడ డబ్బాలు రెండు, దుకాణం నడిపే శ్రవణ్ కుమార్ నా మాసిన తువ్వాలను, చెప్పులను చూస్తున్నాడు, చూడు, ఐదో తరగతిలో బడి మానేసిన మొహం ఇట్లాగే ఉంటుంది, మొదటి డబ్బాను తట్టి, గిది పైనున్న ఉపగ్రహాలతోని మాట్లాడ్తది కాకా, కుక్క యాడుంటే ఆడికెళ్లి నీ సెల్లుకు మెసేజ్ కొడ్తది, లారీలోళ్లు తీస్కపోతుండ్రు గని కుక్కకు అడిగినోనివి నువ్వే మొదలు, ఏం జాతి, అల్సేషనా, ఊరకుక్క అన్నాను, ఊరకుక్కకు గింత మర్యాదనా, మా ఇంట్ల నాకే లేదు కాకా అని నవ్వుతున్నాడు, కుక్క కోసం కాదురా అయ్యా, కుక్క ఎవరి వెంట పోతుందో ఆ మనిషి కోసం, నోటిదాకా వచ్చిన మాటను మింగాను, నా పెండ్లాం అడవి పట్టి తిరుగుతున్నదని వీడికెందుకు చెప్పాలి.

కొడుకు నిరంజన్ జ్వరంతో దవాఖానలో పోయి మూడేండ్లు, పద్మ ఒడిలోనే పోయాడు, ఈ చేతులతోనే మన్ను వేశాను, అయినా ఆమె లెక్కలో వాడు అడవికి కట్టెలు ఏరను పోయినోడే, పొద్దుగూకుతుంది, పిలగాడు ఇంక రాలే, జర చూసొస్త అని లేస్తుంది, మన్ననూరు దాటి చెట్లలో కలిసిపోతుంది, వెనక కర్రోడు, మొదట్లో నేనూ ఉరికాను, రెక్క పట్టి గుంజుకొచ్చాను, కొరికింది, ఫారెస్టోళ్లు పులులు తిరిగే తావుల ఆడిమనిషిని గట్ల ఎట్ల ఇడుస్తవయ్యా అని నన్నే తిట్టారు, కట్టేసుకొని కూర్చోనా, కట్టేసి కూడా చూశాను, ఆమె ఒంటిమీద ఏం కట్టినా తెంపి పారేస్తుంది, కుక్క తెంపదు, ముందు నడిచే బర్రెకు గంట కడితే మంద మొత్తం దొరికినట్టే అనేవాడు మా నాయన, అదే ఉపాయం, బర్రె మెడ గంట విప్పి కర్రోడికి కట్టాను, తెల్లారి లేచేసరికి ఆ గంట నా మంచం కోడుకు వేలాడుతున్నది, కుక్క యాడుందో నాకు ఎరుకే, నువ్వే యాడుంటవో తెల్వదు అన్నది పద్మ, చల్ల పోస్తున్న మా చెల్లె సాయమ్మ పకపకా నవ్వింది, మంచిగ కట్టింది వదినె అన్నది, నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది, ఎక్కడుంటాను, ఈ కొంపలోనే కదా చస్తున్నాను.

మీది ఏ ఊరు కాకా అంటున్నాడు శ్రవణ్, మన్ననూరు అన్నాను, అరె, అట్లయితే గీ మొదటిది నీకు పనికిరాదు, అడవిల టవర్ అందదు, ఆడ ఇది ఉత్త డబ్బ, గీ రెండోది తీస్కో, దీనికి టవర్‌తోని పనిలేదు, కుక్క మెడకు ఒకటి, నీ చేతిల ఒకటి, దగ్గరికి పోయినకొద్ది కూత పెద్దగైతది, గని నడవాలె, కూత ఎటు వస్తే అటు నడుసుకుంట పోవాలె, రాళ్లు, ముళ్లపొదలు, ఆమె వెనక తిరిగి చూడని నడక, అన్నీ ఒక్కసారి మోకాళ్లలోకి దిగాయి, మొదటిదే ఇయ్యి అన్నాను, ఇన్నవా కాకా, మీ దిక్కు పనిచెయ్యదు అంటున్న, ఇన్నాను, అదే ఇయ్యి, ఆ మాట అంటుంటే ఎందుకో ఒళ్లు తేలికైంది, ఎండలో నడిచొచ్చి నీడన కూలబడ్డట్టు.

జేబులో సెల్లు మోగింది, సాయమ్మ, అన్నా, కర్రోడు ఒక్కడే ఒచ్చిండు, వదినె రాలే, కాళ్లకు నెత్తురున్నది దానికి, గడపల నిలబడి అడవి దిక్కే మొరుగుతుంది, దాని ఎంట పోతే దొరుకుతదేమో అన్నా, ఒక్కదాన్ని నాకు భయమైతుంది, జల్ది రా, వింటూనే ఉన్నాను, వింటుండగానే నా చెయ్యి గాజుబల్ల మీది డబ్బాను మెల్లగా వెనక్కి నెట్టింది, నేను నెట్టమనలేదు, కుక్కే దారి చూపుతుంటే ఇక ఈ డబ్బాతో పనిలేదని నాకంటే ముందే చేతికి తెలిసింది, ఏమైంది కాకా, ప్యాక్ చెయ్యొద్దా అంటున్నాడు వీడు, అన్నా, ఇనబడ్తుందా, యాడున్నవ్ అంటున్నది సాయమ్మ, యాడున్నవ్ అన్నా, బస్టాండు ఎదుట ఉన్నాను, మా ఊరి బస్సు ఇంజను మోగుతున్నది, కాళ్లు లేవడం లేదు, పద్మ నా మంచానికి ఊరికే కట్టలేదు ఆ గంట, నేను ఆమెను వెతకడానికి రాలేదు ఇక్కడికి, వెతికాను, దొరకలేదు అని రేపు నలుగురికి చూపించడానికి ఒక డబ్బా కొనుక్కుందామని వచ్చాను.